వన్నెకఱ్ఱయు వ్రాతకలమును

గ్రంథాలయమునందలి పొత్తములను లెక్కించువారు కలరు గాని, ఆ పొత్తములను వ్రాసిన సాధనమును గూర్చి విచారించువారు అరుదు. తాటాకుల కాలమున ఆ సాధనము ఇనుపగంటము. ఆకుపై గీచిన గీత కంటికి గనబడుటకై పిమ్మట మసి పూయుచుండిరి. గంటమునకు కఱ్ఱతో పనిలేదు, సిరాతో అసలే పనిలేదు. కాగితము వ్యాప్తిలోనికి వచ్చిన పిమ్మట రెల్లుకలమును వచ్చినది. ‘కలము’ అను మాట సైతము దూరదేశయాత్ర చేసిన మాట. గ్రీకులు రెల్లును ‘కలమోస్’ అనిరి; అరబ్బులు దానిని గ్రహించి ‘కలమ్’ అనిరి; అక్కడనుండి పారశీకుల కచేరీల మీదుగా అది దక్షిణాపథమునకు దిగి, నేడు అచ్చతెలుగు మాటవలెనే చెలామణి యగుచున్నది.

రెల్లుకలమునందు పిడియు పాళీయు ఒక్కటే. చివర అరిగినకొలదిని చెక్కుకొనుచు పోవుటయే. కడకు వ్రేళ్ళకు చిక్కనంత పొట్టి యైనప్పుడు పారవేయుటయే. ఐరోపావారి ఈకకలమును ఈ జాతిదే. ఈ పద్ధతి రెండువేల యేండ్లకు పైగా సాగెను. 1820 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండునందలి బర్మింగుహాము పట్టణమున ఉక్కుపాళీలను యంత్రముపై అచ్చుగ్రుద్ది తీయ మొదలిడిరి. అరిగిన పాళీని తీసి క్రొత్తపాళీని దోపుకొనవచ్చును. పిడి మాత్రము నిలిచియుండును. పాళీ వేఱై పిడి వేఱైన ఆ కాలముననే కలమునకు కఱ్ఱ కావలసి వచ్చెను. దానిని గుండ్రముగా తీర్చుటకు తరిమెన కావలసి వచ్చెను. పాళీ లోహము గనుక అందఱిది నొక్కతీరు. పిడి యొక్కటే వ్రాయువాని యిష్టమునకు వదలబడిన భాగము. రంగుల ముచ్చట అక్కడ ప్రారంభమైనది.

నేడు అమెరికాలోను, ఇంగ్లండులోను చాలమంది యిండ్లలోనే చిన్న తరిమెనలు పెట్టుకొని తమ కలములను తామే పట్టుకొనుచున్నారు. ఆకుపచ్చ, ఊదా, నీలము, ఎఱుపు వన్నెలు గల కఱ్ఱతుండములు ఈ పనికొఱకే అమ్ముడగుచున్నవి. ఆ తుండములలో తఱచుగా వినబడు పేరు ‘పాప్లరు’. ఈ చెట్టు తెలుగుసీమ నేలలలో పెరుగునది కాదు. దాని ఆకు కొంతవఱకు రావియాకును బోలి, పొడుగైన కాడపై వ్రేలాడుచు, చిఱుగాలికే గలగలలాడును. చుట్టఱికము మాత్రము రావితో లేదు. పంజాబు, హర్యానా, పశ్చిమోత్తరప్రదేశ రైతులు అమెరికా పాప్లరును గోధుమచేల గట్లపై వరుసలుగా నాటి, కొద్ది సంవత్సరములకే నఱికి, ప్లైవుడ్డుకును అగ్గిపుల్లలకును అమ్ముచున్నారు. యమునానగరమందలి ప్లైవుడ్డు వర్తకము ఈ చెట్టుమీదనే నిలిచినది. ఇటలీలో పో నది మైదానమంతయు దాని తోపులే. లియొనార్డో డావించి చిత్రించిన మోనాలిసా పటము బట్టపై వ్రాసినది కాదు, పాప్లరు పలకపై వ్రాసినది.

పాప్లరు కఱ్ఱకు గౌరవము తక్కువ. మెత్తనిది, తేలికది, పాలిపోయిన తెల్లనిది. చేవగల కఱ్ఱలముందు దానిని నిలబెట్టువారు లేరు. కాని అద్దకపువానికి తెల్లని నేతబట్ట యెట్లో, కఱ్ఱకు రంగు పట్టించువానికి పాప్లరు అట్టిది. సొంతవన్నె లేదు గనుక ఇచ్చిన వన్నెనెల్ల తీసికొనును. దాని సూక్ష్మనాళములు కఱ్ఱయంతట సమముగా పరచుకొని యుండుటచేత రంగునీరు ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను గాక సాఫీగా ప్రాకును.

ఇక్కడ నొక సందేహము తీర్పవలసి యున్నది. అమెరికావారు పాప్లరని పిలుచు చెట్టు మఱియొకటి కలదు. అది నిజమైన పాప్లరు కాదు, సంపెంగ కులమునకు చెందినది. పువ్వు ట్యూలిపు పుష్పమువలె నుండుటచే ట్యూలిప్ పాప్లరనుట వాడుక. దాని మ్రానులను తొలిచి అచ్చటి ఆదిమవాసులు పడవలు చేసికొనిరి. ఈ కఱ్ఱను కోసినప్పుడు చేవలో ఆకుపచ్చ, నలుపు, నీలిమిశ్రమైన ఊదా చారలు కానవచ్చును. ఎవరును అద్దినవి కావు, చెట్టు తనంత తాను పట్టించుకొన్నవి. కోతమిల్లులలో దానిని ‘ఇంద్రధనుస్సు పాప్లర’ని వేఱుచేసి అమ్ముదురు. చూచుటకు మిక్కిలి సొగసు. కాని ఆ సొగసునకు నిలుకడ లేదు. వెలుతురు తగిలినకొలదిని ఆకుపచ్చ క్రమముగా గోధుమవన్నెకు దిగిపోవును. ఆ రంగును చూచి కొన్నవాడు కొంతకాలమునకు తనచేత నున్నది వేఱొక కలమా యని శంకించును. అమ్మువారు ఈ సంగతి ముందుగా చెప్పుట న్యాయము.

చెడనిది, వాడనిది యైన ఆకుపచ్చ మఱియొకటి కలదు. అది వ్యాధినుండి పుట్టినది.

చల్లని తేమయడవులలో రాలిపడిన కొమ్మలపై ఒక శిలీంధ్రము పెరుగును. దాని శాస్త్రనామము క్లోరోసిబోరియా. పైకి కనబడునవి గోరంతైన లేని ఆకుపచ్చ గిన్నెలు, అదియును కొన్ని కాలములందే. కాని లోపల కఱ్ఱలోతువఱకు అది నెమలికంఠపు వన్నెను ప్రాకించి యుంచును. ఆ రంగుపదార్థమును జైలిండీను అందురు. ఇది తేలికగా కరగదు, ఎండకు వాడదు. పదునైదవ శతాబ్దపు ఇటలీ పనివారు ఈ రహస్యమును పట్టుకొనిరి. వారిది వేఱువేఱు రంగుల కఱ్ఱచెక్కలను పలుచగా కోసి, ఒకదానిప్రక్క నొకటి పొదిగి, కుంచె ముట్టకయే చిత్రములు కూర్చు విద్య. గోధుమ, నలుపు, పసుపు వన్నెల కఱ్ఱలు లోకములో కావలసినన్ని. ఆకుపచ్చ కఱ్ఱ యెక్కడ? వారు అడవిలో ఈ బూజుపట్టిన పాప్లరును ఏరి తెచ్చుకొనిరి. వంటచెఱకునకు సైతము పనికిరాదని త్రోసివేయదగిన కఱ్ఱ ప్రభువుల గదిగోడల కెక్కెను.

అట్టి గదులలో ప్రసిద్ధమైనది గుబ్బియో పట్టణమున ఉర్బీనో ప్రభువైన ఫెదెరీగో ద మొంతెఫెల్త్రో తన చదువుకొఱకు కట్టించుకొన్నది. 1478 మొదలు 1482 వఱకు దాని పని జరిగెను. గోడలకు నిజమైన అలమారులు లేవు. సగము తెఱచిన తలుపులతో, లోపల పుస్తకములు, వాద్యములు, పంజరములో చిలుక, ఇవన్నియు నిజముగా నున్నవను భ్రాంతి కలుగునట్లు చదునైన చెక్కపై పొదిగినవే. ఈ ఫెదెరీగో యుద్ధమునే జీవనముగా గలవాడు, క్రీడాయుద్ధమున కుడికన్ను పోగొట్టుకొన్నవాడు. ఆ మిగిలిన కంటితో చదువుటకు ఆనాటి ఇటలీలోకెల్ల మేటియైన గ్రంథాలయములలో నొకదానిని సమకూర్చెను. అందలివన్నియు చేతివ్రాతలే యనియు, అచ్చుపుస్తకమునకు అచట చోటులేదనియు ఆయనకు పుస్తకములు సమకూర్చిన వర్తకుడు వెస్పాసియానో వ్రాసి యుంచెను. ఆయన మరణానంతరము చాలకాలమునకు, 1657లో, ఆ వ్రాతప్రతులు రోమునందలి వాటికను గ్రంథాలయము చేరినవి. గుబ్బియో గది గోడలు 1939లో న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియము చేరినవి. గ్రంథములొక దిక్కునకు, గ్రంథముల బొమ్మలొక దిక్కునకు పోయినవి.

ఆ గోడలలోని ఆకుపచ్చకు కారణము శిలీంధ్రమే యని శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి 1992లో ప్రకటించిరి. అయిదువందల యేండ్లు గడచినను ఆ పచ్చదనము నిలిచియున్నది. ప్రకటనకు ముందు అది అద్దకపు రంగని తలచినవారు గలరు. అట్లు తలచుట వింతయు కాదు. ఏలయన అద్దకమును ఇటలీవారెఱుగుదురు. ఫ్రా జొవాన్ని ద వెరోనా అను సన్న్యాసి మరిగించిన రంగునీళ్ళతోను, లోపలికి దిగు నూనెలతోను కఱ్ఱకు నానావర్ణములు పట్టించెనని, చిత్రకారుల చరిత్రలు వ్రాసిన వసారి పదునాఱవ శతాబ్దమున పేర్కొనెను. సహజముగా పట్టిన వన్నె, మనుష్యుడు పట్టించిన వన్నె, ఈ రెండుదారులును ఆనాడే ప్రక్కప్రక్కన నడచుచుండెను.

ఆ రెండును కలములోనికి వచ్చిన చోటు ఇంగ్లండునందలి టన్‌బ్రిడ్జ్ వెల్స్. 1606లో అచ్చట ఇనుపనీటి ఊటబావి యొకటి బయల్పడెను. ఆ నీరు ఆరోగ్యప్రదమను ప్రతీతి వ్యాపించుటతో ధనికులు తండోపతండములుగా రాజొచ్చిరి. యాత్రాస్థలమునందు జరుగునదే అచటను జరిగెను. వచ్చినవారు ఊరకపోరు, గురుతుగా నేదైన కొనిపోవలెనందురు. తిరుపతినుండి కొయ్యబొమ్మలు తెచ్చుకొన్నట్లు వారు టన్‌బ్రిడ్జ్ కొయ్యసామానులు కొనిపోయిరి. పెట్టెలు, సూదులగొట్టములు, కాగితములు కోయు కత్తులు, కలములు. 1830 ప్రాంతమున అచటి పనివారు క్రొత్త యుపాయము కనిపెట్టిరి. వేఱువేఱు రంగుల కఱ్ఱపుల్లలను కట్టగా పేర్చి, జిగురుతో అతికి ఒక్క దిమ్మ చేయుదురు. ఆ దిమ్మను అడ్డముగా పలుచని రేకులుగా కోసినచో ప్రతి రేకునందును ఒకే చిత్రము వచ్చును. దానినే తరిమెనపై పట్టినచో, నిలువుపుల్లలు వంపులు తిరిగి, నక్షత్రములుగను రేకులుగను విచ్చుకొనును. కలపుపిడులకు ఈ రెండవ పద్ధతియే తగినది.

ఆ పుల్లలకు రంగు వేయరాదని అచటి పనివారి నియమము. నూఱుకు పైగా రకముల కఱ్ఱలను దేశదేశములనుండి తెప్పించి ఏ వన్నె కా వన్నె ప్రకృతినుండియే గ్రహించిరి. ఆకుపచ్చ కావలసినచో పూర్వపు ఇటలీవారివలెనే బూజుపట్టిన కఱ్ఱను, ఇక్కడ ఓకు కొమ్మలను, అడవులలో వెదకించిరి. బూడిదవన్నె కావలసినచో కఱ్ఱను తమ ఊటబావి యినుపనీటిలో నానవేసిరి. అది అద్దకమా, ప్రకృతియా యని వాదించువారు వాదింపవచ్చును. నీరు నేలనుండి వచ్చినదే గనుక నియమభంగము కాలేదని వారు సమాధానపడియుందురు.

ఇనుపనీటిలో కఱ్ఱ యెందుకు నల్లబడును? ఈ ప్రశ్నకు సమాధానము పాతకాలపు కరణముల సిరాబుడ్డిలోనే యున్నది. కరక్కాయ కషాయములో అన్నభేది వేసినచో నల్లని సిరా యగును. కరక్కాయలో వగరు కలదు, అన్నభేదిలో ఇనుము కలదు. రెండును కలిసి గాలి తగిలిన పిమ్మట కడుగరాని నలుపు పుట్టును. ఐరోపావారు కరక్కాయకు బదులు ఓకుచెట్టు మాచికాయను వాడిరి, తక్కినదంతయు నొక్కటే. కఱ్ఱలో వగరు సహజముగా నుండును. ఇనుపనీరు దానిని కలిసినచో కఱ్ఱ లోపలనే సిరా తయారగును. వేలయేండ్లు బురదనేలలలో పూడియుండి నల్లబడిన ఓకుమ్రానులకును ఇదియే కారణము. ఆ కఱ్ఱతోను నేడు కలములు పట్టుచున్నారు. సిరాతో వ్రాయు కలమునకు శరీరమే సిరాతో నిండియుండుట చూడ ముచ్చటగా నున్నది.

ఈ సూత్రమును బ్రతికియున్న చెట్టులో ప్రయోగించిన ఘనుడు ఆగస్ట్ బూషెరీ. ఆయన ఫ్రాన్సు దేశమున బోర్డో పట్టణపు వైద్యుడు. కఱ్ఱను చెదలునుండియు, కుళ్ళునుండియు కాపాడు ఉపాయము వెదకుచు ఆయన యొక వింత ఆలోచన చేసెను. రంగునీటిలో కఱ్ఱను నెలలతరబడి నానవేసినను అది పైపొరలను దాటి లోనికి పోదు. చెట్టు మాత్రము ప్రతిదినమును నేలనుండి నీటిని కొనకొమ్మదాక నెక్కించుకొనుచున్నది గదా! ఆ బలముతోనే మందును ఎక్కించినచో? ఆయన నిలిచియున్న చెట్టు మొదట రంపముతో గాటు పెట్టించి, చుట్టును నీరుకారని తొట్టి యమర్చి, పీపాలోని ద్రావకమును దానిలోనికి వదలెను. ఆకులు పైనుండి పీల్చెను; మ్రాను త్రాగెను. ఒక పాప్లరు చెట్టు, తొంబది యడుగులకు పైబడిన యెత్తుగలది, ఆఱుదినములలో మూడువందల లీటర్లకు దగ్గఱగా ఇనుపద్రావకమును పీల్చుకొనెను. మనుష్యుని చేతిబలముగాని యంత్రబలముగాని అక్కఱలేకపోయెను. 1840లో ఆయన ఈ విషయమును పారిసు శాస్త్రపరిషత్తు ముందుంచెను.

కఱ్ఱను కాపాడుటయే ఆయన ముఖ్యోద్దేశము; వన్నెలు వెంట వచ్చిన లాభము. ఇనుపద్రావకమొక్కటియే పోసినచో గోధుమవన్నె వచ్చెను. ఇనుమును పోసి, పిమ్మట వగరును పోసినచో చెట్టులోపలనే నల్లసిరా పుట్టెను. ఇనుముతరువాత వేఱొక లవణమును పోసినచో ప్రష్యనునీలము, సీసపు లవణముమీద క్రోము లవణమును పోసినచో పసుపును వచ్చెను. రెండు ద్రవములు చెట్టు నరములలో కలిసికొని రంగుగా మాఱుట యనునది అంతకుముందు ఎవరును చూచియుండరు. ద్రవము అన్నిచోట్లను సమముగా ఎక్కలేదు. చేవముదిరిన నడుమభాగము త్రాగుటకు నిరాకరించెను. దానివలన చారలు, మబ్బుతెఱలు ఏర్పడినవి. కొయ్యసామాను చేయువారికి ఆ లోపమే అందమని ఆయన పలికెను. వర్తకుని మాటవలె తోచినను ఇది నిజమే. నేడు వన్నెపాప్లరు తుండము కొనువాడు కోరునది ఏకరంగును కాదు, ఆ తెఱలనే.

ఈ విద్య రంగులదారిని చాలదూరము పోలేదు. ప్రతి చెట్టునకు గాటుపెట్టి, ఆకులున్న ఋతువుకొఱకు కాచుకొనుట వర్తకమునకు కుదిరినది కాదు. బూషెరీ తన పద్ధతిని మార్చి, నఱికిన మ్రానుల మొదటినుండి మైలతుత్తపు నీటిని, ఎత్తున నుంచిన తొట్టి బరువుతో ఎక్కింప మొదలిడెను. ఆ మ్రానులు ఫ్రాన్సుదేశమంతట తంతిస్తంభములై నిలిచెను. కలపువన్నెకు మొదలైన ప్రయోగము తంతివార్తకు ఊతమయ్యెనని చెప్పుట అతిశయోక్తి యగును గాని, రెండును వార్తను మోయునవే.

1856లో ఇంగ్లండునందు పదునెనిమిదేండ్ల విద్యార్థి విలియం పెర్కిను, మలేరియామందైన క్వయినాను కృత్రిమముగా చేయబోయి, తారునుండి ఊదారంగును పొందెను. ఆ వెనుక తారురంగులు వరదవలె వచ్చెను. 1868లో మంజిష్ఠలోని ఎఱుపును ప్రయోగశాలలో చేసిరి. 1897లో జర్మనీ కర్మాగారమునుండి కృత్రిమనీలి బజారున దిగెను. కఱ్ఱకు రంగువేయువారికి ఇది పండుగ. చవుకగా, కావలసిన వన్నె కావలసినంత. కాని ఆ పండుగకు వెల చెల్లించినవారెవరు? కృష్ణాతీరమున చిరువేరు త్రవ్వి, మచిలీపట్టణపు అద్దకములకు ఎఱుపు నిచ్చినవారు. కడప, కర్నూలు, నెల్లూరు మండలములలో నీలిపైరు వేసి, తొట్లలో కాళ్ళతో కలియద్రొక్కి నీలిమందు తీసినవారు. వారి పంట పొలములోనుండగనే విలువ కోల్పోయెను. రంగుల చరిత్ర వ్రాయువారు పెర్కినునకు అధ్యాయము లిచ్చుచున్నారు, చిరువేరు త్రవ్వినవానికి వాక్యమైన నిచ్చుట లేదు. ఈ లెక్కలో జమయొక్కటే చూపి ఖర్చును దాచుట తగదు. టన్‌బ్రిడ్జ్ పనివారును ఎంతోకాలము నిలువలేదు. యంత్రపు సామానుల చవుకదనము ముందు, రంగువేయరాదను వారి నియమము భారమయ్యెను. ఇరువదవ శతాబ్దపు తొలిదశకములలో వారి పనిశాలలు ఒక్కొక్కటిగా మూతపడెను.

పాప్లరుకు మాత్రము క్రొత్తజీవితము వచ్చెను. ఇటలీలోని మొడిలియానా పట్టణమున 1919లో స్థాపింపబడిన కర్మాగారము ఒకటి పిమ్మటి కాలమున పాప్లరు మ్రానులను పలుచని పొరలుగా ఒలిచి, రంగునీటి తొట్లలో లోతంట అద్ది, పొరలను పేర్చి అతికి, క్రొత్తదిమ్మలు చేయు విద్యను పెంపొందించెను. పొర పలుచనిది గనుక రంగు ఈవలినుండి ఆవలికి పోవును. బూషెరీని ఓడించిన చేవ యిక్కడ అడ్డురాదు.

కలమునకు రంగు లోతంట పోవుట యెందుకు ముఖ్యమో చెప్పవలసి యున్నది. బల్లకైనచో పైన రంగు పూసిన చాలును. తరిమెనపై పట్టు కఱ్ఱకు అట్లు కాదు. ఉలి పైపొరను తీసివేయును. పూసిన రంగు చెత్తతో క్రిందపడును. కనుక నలుచదరపు తుండముగా నుండగనే లోపలివఱకు వన్నె దిగి యుండవలెను. నేటి పనివారు ఎండిన తుండములను రంగుకలిపిన రెసినులో ముంచి, మూసిన పాత్రనుండి గాలిని తోడివేయుదురు. కఱ్ఱనాళములలోని గాలి బుడగలుగా పైకి వచ్చును. బుడగలు ఆగినపిమ్మట గాలిని మరల లోనికి వదలినచో, ఖాళీయైన నాళములలోనికి రంగురెసిను చొచ్చుకొనిపోవును. తరువాత పొయ్యిలో వేడిచేయగా రెసిను గట్టిపడును. మెత్తని పాప్లరు ఈ సంస్కారముచేత కొమ్మువలె బిగియును. కఱ్ఱలో తేమ ఏమాత్రము మిగిలియున్నను పని చెడును. నీరున్నచోటికి రెసిను పోదు, కోసిచూచినచో నడుమ తెల్లనిమచ్చ వెక్కిరించును.

ఆ పిమ్మట తుండమును నిలువున బరమాతో తొలిచి, సన్నని ఇత్తడిగొట్టమును జిగురుతో అతుకుదురు. పాళీ, సిరాగొట్టము మొదలగు లోహపు భాగములన్నియు దానికే అమరును. కఱ్ఱ దానిపై తొడుగు మాత్రమే. తరిమెనపై తిప్పుచు ఉలితో తీర్చునప్పుడు తొడుగు కడకు అట్టంత పలుచనగును. మొండి ఉలి పెట్టినవాడు పాప్లరు పీచులేచుట చూచును. అవసరపడినవాడు తొడుగు పగులుట చూచును. రంగు పొరలను అతికిన దిమ్మనైనచో ఉలి లోనికి దిగినకొలదిని ఒక్కొక్క పొర కోడిగ్రుడ్డు ఆకారమున తెఱచుకొనును. తుదకు ఉప్పుకాగితముతో రుద్దునపుడు ఎఱ్ఱని కఱ్ఱపొడి ప్రక్కనున్న తెల్లకఱ్ఱ నాళములలో దూఱి దానిని గులాబివన్నెకు త్రిప్పును. ఇది అనుభవముచేతనే తెలియు చిక్కు. దానికి విరుగుడు, ముందుగా మెఱుగునూనె పూసి నాళములను మూసివేయుటయే. వ్రాయువాని చెమటకును ఆ మెఱుగే అడ్డుగోడ. ఇంత శ్రమపడినను, ఎండలో నుంచిన తారురంగుల కలము కాలక్రమమున వెలియును. గుబ్బియో గోడలలోని బూజుపచ్చ అట్లు వెలియదు గనుకనే, అమెరికాలోని ఒరెగాను రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆ శిలీంధ్రమును ప్రయోగశాలలో పెంచి, జైలిండీనును వేఱుచేసి, దానితో కఱ్ఱకును బట్టకును వన్నె పట్టించుచున్నారు.

తెలుగుదేశమున తరిమెనపై కలము పట్టిన కీర్తి రాజమహేంద్రవరమునకు చెందినది. కోసూరి వెంకటరత్నముగారు స్వదేశీయ కలమును తయారుచేయ పూని, 1930వ దశకమున తరిమెనపై చేతితో పట్టిన ఫౌంటెను పెన్నులను వెలువరించిరి. 1935లో ఆయన కలము కుమారప్పగారి ద్వారా మహాత్మాగాంధికి అందెను. గాంధీజీ దానిని వాడి మెచ్చుకొనుచు జాబు వ్రాసిరి. రత్నం కలమునకు వాడిన పదార్థము కఱ్ఱ కాదు, ఎబొనైటు. రబ్బరును గంధకముతో చాలసేపు కాచగా గట్టిపడిన ముద్ద అది. నల్లతుమ్మ చేవవలె కనబడినను అది సిరాకు చెడదు. కఱ్ఱలోనే సిరా నింపినచో నాళములు దానిని పీల్చి ఉబ్బును. కఱ్ఱకలమునకు ఇత్తడిగొట్టము వలసివచ్చుట ఆ కారణముననే.

వన్నెకఱ్ఱ మాత్రము ఆంధ్రులకు క్రొత్తది కాదు. నేటి అనకాపల్లి జిల్లాలో వరాహానదీతీరమున నున్న ఏటికొప్పాకలో తరతరములుగా కొయ్యబొమ్మలు, కుంకుమభరిణెలు తరిమెనపై పట్టుచున్నారు. అచటి పాప్లరు అంకుడు. అదియు తెల్లనిదే, మెత్తనిదే, రంగునకు లొంగునదే. కాని వారు రంగును లోపలికి పంపరు. గిఱ్ఱున తిరుగుచున్న కొయ్యపై రంగులక్క పుల్లను ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరిగి సన్నని పొరగా అంటుకొనును. మొగలియాకుతో రుద్ది మెఱుగు తెత్తురు. పనియంతయు తీర్చినపిమ్మట తుది నిమిషమున రంగు చేరును గనుక ఉలి దానిని తాకదు. బూషెరీ మ్రానును త్రాగించి సాధింపబోయినదానిని వీరు వరుస మార్చి తేలికగా సాధించిరి. నడుమకాలమున రసాయనపు రంగులు ఇచటికిని వచ్చెను. బొమ్మలను పిల్లలు నోట పెట్టుకొందురు గనుక ఆ రంగుల మేలుకీడులను గూర్చి విచారణ పుట్టి, 1990 తరువాత ఆకులు, గింజలు, వేళ్ళు, బెరడులనుండి తీసిన సహజవర్ణములను మరల లక్కతో కలుపు పద్ధతిని పునరుద్ధరించిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళికసూచిక లభించెను.

అంకుడు చెట్టును వృక్షశాస్త్రజ్ఞులు ‘రైటియా టింక్టోరియా’ అందురు. ‘టింక్టోరియా’ యనగా అద్దకమునకు పనికివచ్చునది. ఆ పేరు కొయ్యను చూచి పెట్టినది కాదు, ఆకును చూచి పెట్టినది. పూర్వము దక్షిణదేశమున ఆ చెట్టు ఆకులనుండి నీలిమందు తీయుచుండిరి.